రెండో వెంగమ్మ

అనసూయ కళ్లు ఆమె కంటే ముందే వార్డులోకి వెళతాయి. అనసూయ చెప్పులు విడిచి, చీర సర్దుకుని వెనకాల వెళుతుంది. ఈ మధ్య ఇంట్లో కూడా ఇదే వరస. పాలు పొంగబోతున్నాయని కళ్లు ముందే వెళ్లి చూస్తాయి. చేతులు మాత్రం పొయ్యి ఆరిపోయాక చేరుకుంటాయి.

ఇది థైరాయిడ్ చేసే పని అంటాడు డాక్టరు. ఒంటికి కాపలా కాయాల్సినవాళ్లే కళ్ల వెనక చేరి, అక్కడి కొవ్వును ఉబ్బించి, కళ్లను బయటికి నెడుతున్నారట. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక డాక్టరెంత? చేతికి ఎక్కించే మందు మూడో సీసా అయ్యేలోగా కళ్లు వెనక్కి రాకపోతే లోపలి నరం నలిగి చూపు పోతుందని ఆయన చెప్పాడు. అప్పటినించీ అనసూయకు భయంతో అన్నం సయించదు.

ఆమె పక్క మంచం మీద ఉన్నది తోడికోడలు వెంగమ్మ. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు రాయి కోసిన మనిషి. ఇప్పుడు ఆమె ఛాతీలో పలక తయారవుతోంది. డాక్టరు వీపు మీద వేలితో కొడితే టకటకమంటుంది. దగ్గినప్పుడల్లా దుప్పటి మీద బూడిదరంగు పొడి రాలుతుంది. సిస్టరు నీళ్లు చల్లి, ఊడ్చుకుని వెళుతుంది.

జబ్బులు వేరైనా ఇద్దరి మీదా ఒకే మందును పరీక్షిస్తున్నారు. ఇంకా బజారులోకి రాని మందు.

"కంటి వెనకా, ఊపిరితిత్తిలోనూ ఒకే రకం తలుపుందమ్మా," అంటాడు డాక్టరు. "అది తెరుచుకుంటే అక్కడ వాపు, ఇక్కడ మచ్చ. మా మందు వెళ్లి గొళ్లెం పెడుతుంది."

"గొళ్లెం లోపలినించి పెడతాదా, బయటినించా?" అంటుంది అనసూయ.

"అదే పరీక్షిస్తున్నాం."

"మరి లోపలుండేవోళ్లు లోపలే చిక్కుకుంటే?"

"వాళ్లను మేం పరీక్షలో చేర్చుకోలేదమ్మా. మిమ్మల్నే చేర్చుకున్నాం," అంటాడు డాక్టరు.

రెండు సీసాల్లో ఒకటి మందు, ఇంకొకటి ఉప్పునీళ్లు. ఏది ఎవరిదో డాక్టరుకు కూడా తెలియకూడదు. తెలిస్తే మొహంలో కనిపిస్తుంది. అందుకని సీసాలు తగిలించడానికి వచ్చేటప్పుడు ఆయన తన మొహాన్ని గదిలో వదిలి వస్తాడు. మెడ మీద నున్నగా, ఒలిచిన కోడిగుడ్డులా ఉన్నదానితో మర్యాదగా నమస్కారం చెబుతాడు.

ఉప్పునీళ్లు తనకే వచ్చాయని అనసూయకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ ఉమ్మడి ఇంట్లో ఆమెకు ఏ మంచిది దక్కింది గనక? గాలొచ్చే గది వెంగమ్మది. బాగా పండిన సీతాఫలం వెంగమ్మది. మంచి సీసా మాత్రం దారి తప్పి ఇటెందుకు వస్తుంది?

పైగా సాక్ష్యం కూడా ఉంది. అనసూయ కళ్లు ఒక మనిషిని ఇద్దరుగా చూపిస్తాయి. మొదటి వెంగమ్మ మంచం మీద ముడుచుకుని దగ్గుతుంది. రెండో వెంగమ్మ కాస్త పైన, కుడిపక్కగా కూర్చుని తల దువ్వుకుంటుంది. ఆమెకు దగ్గు లేదు. కూనిరాగం తీస్తుంది. అనసూయ చూస్తే నవ్వుతుంది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఊరికే అన్నారా?

"నీకెట్టా ఉండాదక్కా?" అని అడుగుతుంది అనసూయ.

"ఉన్నట్టే ఉండాదే," అంటుంది మొదటి వెంగమ్మ. రెండో ఆమె జడ వేసుకుంటుంది.

ఉన్నట్టే అంటే ఎట్లా ఉన్నట్టు? అనసూయ ఆ ముక్కను అటు తిప్పి ఇటు తిప్పి చూస్తుండగానే తాపీ మేస్త్రీలు వస్తారు. మంచాలు రెండూ దూరం జరిపి, మధ్యలో కడప బండలు పరిచి, తేనీళ్లు తాగి వెళ్లిపోతారు. మళ్లీ అనుమానం వస్తే మళ్లీ వస్తారు. రెండో సీసా అయ్యేసరికి వెంగమ్మకు ఇడ్లీ తీసుకెళ్లే ఆయా మధ్యలో కూర్చుని కాళ్లు నొక్కుకోవాల్సి వస్తోంది.

"అనసూయా, నీ కళ్లు కాస్త లోపలికి పోయినట్టుండాయే!" అని వెంగమ్మ అంత దూరంనించీ అరుస్తుంది. అరిచినందుకు చాలాసేపు ఆయాసపడుతుంది.

అనసూయ నమ్మదు. కళ్లు ఇప్పుడు గుమ్మం దగ్గర ఆగి తన కోసం ఎదురుచూస్తున్న మాట నిజమే. కానీ నీరసించి ఆగుతున్నాయేమో, చూపు పోయే ముందు ఇట్లాగే కాళ్లీడుస్తాయేమో! ఇదంతా తెలిసే అక్క తీపి మాటలతో నోరు మూయిస్తోందని ఆమెకు ఒళ్లు మండుతుంది.

మూడో సీసా తగిలించి డాక్టరు మొహం తెచ్చుకోవడానికి వెళతాడు. ఉన్న గడువంతా ఈ సీసాయే. అనసూయకు ఉపాయం తోస్తుంది. తమ ఇంటి ఆడవాళ్లు వాయనం ఇస్తే వద్దనరు, వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపరు. వెంగమ్మ దగ్గర ఆ గిన్నెలో వేయడానికి ఒక్కటే వస్తువుంది.

అనసూయ స్టీలు గిన్నెలో నానబెట్టిన శనగలు పోసి, తమలపాకులు, పసుపుకొమ్ము పెడుతుంది. స్టాండు మీది తన సీసా తీసి పైన ఉంచి, కొంగు కప్పి బయలుదేరుతుంది. కళ్లు బుద్ధిగా పక్కనే నడుస్తాయి. దారిలో మేస్త్రీలు సిమెంటు కలుపుతూ, ఆమె దాటేదాకా పారలు ఆపి నిలబడతారు.

"ఏం నోమే ఇది?" అంటుంది వెంగమ్మ.

"కళ్ల నోమక్కా."

"యాడా వినలేదే."

"కొత్తది. ఇంకా పరీక్షలో ఉండాది."

వెంగమ్మ కొంగు కిందికి తొంగి చూస్తుంది. సీసాను చూసి, అనసూయను చూస్తుంది.

"ఆలోచించే ఇస్తండావా?"

"ఆలోచించే," అంటుంది అనసూయ.

వెంగమ్మ కళ్లు తుడుచుకుని కొంగు పడుతుంది. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. ముమ్మారు అనుకుంటారు. మూడోసారి వెంగమ్మకు మాట సగంలో తెగి దగ్గొస్తుంది. దగ్గు ఆగాక ఆమె తన సీసా తీసి గిన్నెలో పెట్టి, వచ్చినదాన్ని తన స్టాండుకు తగిలించుకుంటుంది.

"ఖాళీది పంపకూడదు గదా. నా దగ్గిర ఇదే ఉండాది, ఏమనుకోమాక."

అనసూయ లోపల్లోపల ఎగిరి గంతేస్తుంది. మంచం అంచునే కూర్చుని ఆ సీసా తగిలించుకుంటుంది. చుక్క చేతిలోకి దిగుతుంది. నాలిక మీద ఉప్పు తగులుతుంది, ఆవకాయలో వేసే కల్లుప్పు.

అదే సమయంలో కళ్లు వచ్చి తమ చోట్లో కూర్చుంటాయి. ఇద్దరు వెంగమ్మలు జరిగి జరిగి ఒక్కరవుతారు. తల దువ్వుకున్న మనిషి ఎక్కడా లేదు. పక్కటెముకలు లెక్కపెట్టేటట్టున్న మనిషి, పెదాలు నీలంగా మారిన మనిషి, ఒక్కతే దుప్పటి మీద బూడిద దులుపుకుంటోంది.

"అక్కా, ఉప్పు," అంటుంది అనసూయ.

"అవునే. మొదటి రోజే నా నాలిక్కి తెలిసింది."

"మరి చెప్పొచ్చు గదా!"

"ఎట్టా చెప్పేది? చెప్తే నీ మందు నాకు పోస్తానంటావు. నువ్వట్టాంటి దానివే." వెంగమ్మ ఆమె చెయ్యి పట్టుకుంటుంది. "నోరు మూసుకుని ఉంటే మాత్రం ఏమైంది? ఎట్టా కనిపెట్టావో కనిపెట్టావు."

అనసూయకు సిగ్గేస్తుంది. సిగ్గు వెనకే భయం వస్తుంది. అది సిగ్గు కంటే పెద్దది. వెంగమ్మ స్టాండు మీద తన చూపు చుక్కచుక్కగా తరిగిపోతోంది. పుచ్చుకున్న వాయనం తిరిగి అడగకూడదు. అయినా అడుగుదామని ఆమె నోరు తెరుస్తుంది.

అప్పుడు వెంగమ్మ ఊపిరి పీలుస్తుంది. ఎప్పటిలా చెంచాడు కాదు. గాలి లోపలికి వెళుతుంది, వెళుతూనే ఉంటుంది. ఆమె మొహంలో ఆశ్చర్యం కనిపిస్తుంది.

"ఒసే," అంటుంది వెంగమ్మ. "ఒసే అనసూయా, పోతాందే లోపలికి!"

తెరిచిన నోటిని ఏం చేయాలో అనసూయకు తెలియదు.

"ఆలోచించే ఇచ్చానక్కా," అంటుంది చివరికి. ఈసారి నిజంగానే ఆలోచించి అంటుంది.

వెంగమ్మ పీల్చడం ఆపదు. కర్టెన్లు అటు వాలతాయి. పరిచిన బండలు ఒక్కొక్కటే లేచి ఆ ఊపిరిలో పడి వెళ్లిపోతాయి. మేస్త్రీలు పారలు భుజాన వేసుకుని వాటి వెనకే నడుస్తారు. అనసూయ కళ్లు కూడా అటే కదులుతాయి. ఆమె వాటిని ఆపదు. చాలా నెలల తర్వాత ఆమె రెప్పలు పూర్తిగా మూసుకుంటాయి.

వెంగమ్మ ఛాతీ లోపల గాలి బాగా వీస్తోంది. కనుచూపు మేర ఎర్ర మట్టి. దాని మీద తడి చీర ఒకటి, ఇద్దరు చెరో కొస పట్టి ఆరబెట్టేటట్టు, నేలకు తగలకుండా చాచి ఉంది. అవతలి కొంగు ఎవరు పట్టుకున్నారో ఇక్కడినించి కనిపించదు. లాగుతున్నారు, వదులుతున్నారు, మళ్లీ లాగుతున్నారు. ఇవతలి కొసను పట్టుకునేవాళ్లు లేక అది జారి మట్టిలో పడబోతోంది. కళ్లకు చేతులు లేవు. అయినా వెళ్లి పట్టుకుంటాయి.