కొసరు మన్ను

క్రీముల బాబు తన కొంప ముంచాడని నర్సరీ ఆయన చెప్పుకోని మనిషి లేడు. మొక్కలు కొనేవాళ్ళకి చెప్పాడు, దారి అడగడానికి ఆగినవాళ్ళకి చెప్పాడు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడైతే ఆ గోడు వినలేక మీటరు చూడకుండానే వెళ్ళిపోయాడు. క్రీముల బాబంటే పరాయివాడేం కాదు, సొంత బావమరిది. మీసాలు నెరుస్తున్నా ఏ పనిలోనూ కాలు నిలవని ఘనుడు.

నత్త జిగురుతో మొహానికి క్రీము చేస్తే జనం ఎగబడి కొంటారని అతనికి ఎవరో చెవిలో ఊదారు. అంతే, ఎక్కడివో పైదేశపు జాతి, పిడికిలంతేసి నత్తల్ని చెప్పుల డబ్బాలో పెట్టుకొచ్చి బావగారి షెడ్డులో కాపురం పెట్టించాడు. మొదటి క్రీము అక్క మొహానికే రాశాడు. ఆవిడ బుగ్గల వాపు తగ్గేలోపే వ్యాపారం మూతపడింది. నత్తల్ని చంపడానికి చేతులు రాక, పోనీలే పాపం, బతకనీ అని ఎరువుకుప్ప పక్కన వదిలేశాడు.

అవి బతికాయి. మహారాజుల్లా బతికాయి. పిల్లల్ని పెట్టాయి, ఆ పిల్లలు మళ్ళీ పిల్లల్ని పెట్టాయి. బంతి నారు నమిలేశాయి, గులాబీ చిగుళ్ళు కొరికేశాయి, గోడ మీది సున్నం నాకేశాయి. చివరికి కుండీలకు గుచ్చిన ధరల చీటీల్ని కూడా మిగల్చలేదు. చీటీ లేని మొక్కకు కొనేవాళ్ళు నోటికొచ్చిన ధర చెబుతుంటే నర్సరీ ఆయనకు కడుపు మండిపోయేది.

సరిగ్గా వానలు మొదలయ్యే వేళకి మొక్కల శాఖ ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి గేటుకు సీలు వేసింది. నత్తలు పోయేదాకా ఒక్క మొక్క బయటికి పోకూడదు. నర్సరీకి ఏడాది తిండి అంతా ఆ వానల్లోనే రావాలి. సీలు ఊడకపోతే పొయ్యి వెలగదు.

"ఉప్పు నేల మీద చల్లారంటే నేలే చస్తుంది," అందావిడ. "బకెట్లో చిక్కటి ఉప్పునీళ్ళు కలిపి నత్తల్ని అందులో వేయండి. చేతికి తొడుగు లేకుండా ముట్టుకోకండి, రోగాలొస్తాయి. సాయంత్రం తడి గోనెసంచులు పరిచి కింద క్యాబేజీ ఆకులు పెడితే, తెల్లారేసరికి వాటంతటవే వచ్చి చేరతాయి."

ఆ రోజు నుంచి పొద్దున్నే ఇంటిల్లిపాదీ గోనెసంచులు ఎత్తడమే పని. క్రీముల బాబు ఒక్కో నత్తనీ పైకెత్తి మరీ వీడ్కోలు చెప్పేవాడు.

"చూడు బావా, ఎంత బుద్ధిగా ఉందో. ఇది మన పాత బ్యాచే."

"అంత ప్రేముంటే దాని వెనకాలే నువ్వూ దూకు."

"మా తమ్ముణ్ణి ఊరికే అనకండి," అంది ఆయన భార్య, బకెట్ జరుపుతూ. "మీ నోటికంటే ఈ ఉప్పునీళ్ళే నయం."

పోనుపోను గోనెసంచుల కింద ఆకులు ఆకుల్లాగే మిగలసాగాయి. ఇన్‌స్పెక్టరమ్మ సీలు తీయడానికి వచ్చింది. ఆవిడ మడులన్నీ తిరిగి చూస్తుండగా గేటు దగ్గరికి ఊళ్ళో టైలరు వచ్చాడు. చేతిలో బొత్తాల డబ్బా.

"అన్నా, ఇది మీదేనా చూడు," అన్నాడు మెల్లగా. "మా గులాబీ కుండీ వెనకాల దొరికింది."

డబ్బాలో నత్త. నర్సరీ ఆయన డబ్బా లాక్కుని చప్పున మూత పెట్టాడు. డబ్బా జేబులో వేసుకుని నోరు మూసుకుంటే ఇంకాసేపట్లో సీలు ఊడిపోతుంది. అలాగే చేద్దామనుకున్నాడు కూడా. ఇంతలో క్రీముల బాబు కుండీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని ఈల వేయడం కంటబడింది. ఇక ఆగలేకపోయాడు. డబ్బా తీసుకెళ్ళి ఇన్‌స్పెక్టరమ్మ ముందు పెట్టాడు.

"చూశారా మేడమ్? నా నర్సరీ చాలలేదు వీడికి, ఊళ్ళో కూడా వదిలాడు. రాసుకోండి వీడి పేరు."

"ఒట్టు బావా, టైలరు గారిల్లు ఎక్కడో కూడా నాకు తెలీదు. నేనెప్పుడు బట్టలు కుట్టించుకున్నాను? ఈ ప్యాంటు కూడా నీదేగా."

ఇన్‌స్పెక్టరమ్మ టైలరు వైపు తిరిగింది. "ఇక్కణ్ణుంచి ఏం తీసుకెళ్ళారు మీరు?"

"గులాబీ మొక్కండీ. సీలు వేయకముందు." టైలరు మెచ్చుకోలుగా చెప్పాడు. "అన్న ధర దగ్గర పైసా తగ్గడు గానీ, ఆ ఎరువుకుప్పలోంచి రెండు దోసిళ్ళ మన్ను పొట్లం కట్టి కొసరిస్తాడు. నాకనే కాదు, అందరికీ ఇస్తాడు."

ఆ కొసరు నర్సరీ ఆయన తండ్రి నాటి పద్ధతి. పుట్టింటి మన్ను వెంట ఉంటే మొక్క కొత్తచోట బెంగపెట్టుకోదని ఆయన అనేవాడు. కొడుకు తండ్రి దగ్గర నేర్చినవాటిలో ఖర్చు లేనిది అదొక్కటే గనక, దాన్ని మాత్రం తప్పలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ జల్లెడ తెమ్మంది. కుప్ప అడుగు నుంచి పారతో మన్ను తీయించి జల్లించింది. జల్లెడలో సగ్గుబియ్యం గింజల్లా తెల్లగా గుడ్లు మిగిలాయి.

"గోనెసంచి కిందికి పాకేవే వస్తాయి," అందావిడ. "గుడ్లు పాకవుగా. నేనూ పైపైనే చూశాను."

 నర్సరీ ఆయన భార్య అందుకుంది.

"మా తమ్ముడు తెచ్చింది ఒక్క డబ్బా. మీరు ఊరంతా ఇంటింటికీ పంచారు. అదీ ఉచితంగా. ఆ చెయ్యి నాకు చీర కొనే దగ్గర ఎప్పుడూ ఇలా ఆడలేదే."

తీర్పు అక్కడికక్కడే వచ్చింది. మిగతా మొక్కలు వేళ్ళు కడిగి అమ్ముకోవచ్చు. ఎరువుకుప్పని, దాని చుట్టూ ఉన్న గులాబీ మడుల్ని తవ్వి, నల్ల ప్లాస్టిక్ పట్టా కప్పి కంచె వేయాలి. ఆవిడ చెప్పేదాకా అక్కడ గడ్డి కూడా మొలవకూడదు. మన్ను తీసుకెళ్ళిన ప్రతి ఇంటికీ వెళ్ళి కుండీలు జల్లించాలి.

వెళ్ళారు. నర్సరీ ఆయన చేతిలో జల్లెడ, క్రీముల బాబు చేతిలో ఉప్పునీళ్ళ బకెట్. ఎవరెవరికి ఇచ్చాడో ఆయనకి బాగానే గుర్తుంది. ఎవరు ఎంత బేరమాడారో మరచిపోయే రకం కాదు.

"కొసరు వెనక్కి తీసుకోడానికొచ్చామండీ," అనేవాడు బావమరిది ప్రతి గుమ్మంలోనూ, తన ఘనకార్యమన్నట్టు.

"ఇచ్చిందే మన్ను, అది కూడా వెనక్కా?" అనేవాళ్ళు లోపలివాళ్ళు. నర్సరీ ఆయన తల దించుకుని జల్లించుకునేవాడు.

కంచె వేసే రోజున టేపు పట్టుకుని నేల కొలవబోయాడు. రెండో కొస పట్టుకోడానికి బావమరిది తప్ప ఇంకెవరూ దొరకలేదు.

"నేనే గనక డబ్బా తేకపోయుంటే..." అని నసిగాడు క్రీముల బాబు.

"తెచ్చింది నువ్వే. చచ్చేదాకా అందరికీ అదే చెప్తాను. టేపు బిగించి పట్టు."

"సరే బావా. నూట నలభై గజాలనుకో."

"అనుకోడమేంట్రా, పోయేది నీ నేలా?"

మళ్ళీ కొలిచాడు. తండ్రి పోసిన కుప్ప, తను పెంచిన గులాబీ మడులు, మధ్యలో నడిచే దారితో సహా, నూట ముప్ఫై ఎనిమిది గజాలు.