ఎడమ చేతికి ఎర్రదీపం

రేవు ఆఫీసు వెనక పెరట్లో పడవని రెండు దుంగల మీద నిలబెట్టారు. పగిలిన పలకల సందులోంచి ఎండ లోపలికి పడుతోంది. నాలుగు రోజుల క్రితం రాత్రి లాంచి గుద్ది చనిపోయేదాకా అందులో కూర్చుని తెడ్లు వేసినవాడు ఆమె అన్న. ఆమె ఇదే ఆఫీసులో గుమాస్తా. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి.

"నీ అన్న కేసమ్మా, నువ్వు రాయకూడదు. పక్కన నిలబడు," అని ఆఫీసరు విచారణ ఫారం తనే తీసుకున్నాడు. వంగి చూశాడు. "ఎరుపు, పచ్చ. దీపాలు రెండూ ఉన్నాయి," అని టిక్కు పెట్టాడు. ఫారం అడిగింది అంతే, ఉన్నాయా లేవా అని.

లాంచి నడిపే సరంగు గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు. "నాకు పచ్చదీపమే కనబడింది సార్. పచ్చ కనబడితే పడవ నా కుడిచేతి వైపు పోతున్నట్టే కదా. దాని వెనకనుంచి తప్పుకుందామని ఎడమకి తిప్పాను. తీరా అది ఎడమకే వచ్చింది."

"కళ్ళు నెత్తికెక్కాయిరా నీకు!" వదిన బెంచీ మీంచి లేచింది. "మా ఆయన దీపాలు వెలిగించకుండా ఏ రాత్రీ పోలేదు. నిద్రమత్తులో నువ్వు గుద్ది, ఇప్పుడు పచ్చా ఎరుపూ అంటావా?"

సరంగు లైసెన్సు, బహుశా జైలు కూడా, ఈ ఫారం మీదే ఆధారపడి ఉన్నాయి.

ఆమె పడవ వైపే చూస్తోంది. దానికి రెండు కొసలూ ఒకేలా మొనదేలి ఉంటాయి. ముందేదో వెనకేదో తెలియనివాళ్ళు పోల్చుకోలేరు. ఆమెకి తెలుసు. తాడు కట్టే ఇనుప కడియం ఉన్నది ముందు కొస.

అన్నతో ఫోన్లో మాట్లాడిన మాటలు గుర్తొచ్చాయి.

"తెడ్ల పడవకి టార్చి చేతిలో ఉంటే చాలని రూలు ఉందన్నావుగా ఆఫీసరమ్మా?"

"ఉంది. కానీ రెండు చేతులూ తెడ్ల మీదుంటే టార్చి ఎవరు పట్టుకుంటారు, మీ మామగారా? దీపాలు కొని పంపిస్తున్నా, బిగించు. ఎడమ చేతికి ఎరుపు, కుడి చేతికి పచ్చ."

"చిత్తం తల్లీ. ఇంత చదివావు, నీ మాటకి ఎదురు చెప్తానా?"

పుస్తకంలో ఉన్నదే చెప్పింది. అందులో ఎడమంటే ముందుకి చూసేవాడి ఎడమ. తెడ్లు వేసేవాడు పోయే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటాడు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ చూస్తున్నదే. ఆ క్షణాన తట్టలేదు.

చెప్పులు విడిచి పడవెక్కింది. అన్న కూర్చునే బల్ల మీద కూర్చుంది. ఇనుప కడియం ఆమె వీపు వెనక ఉంది. ఎడమ చెయ్యి చాపితే ఎర్ర అద్దం తగిలింది. కుడి చెయ్యి చాపితే పచ్చది. తీగ రెండు చుట్లు చుట్టి, కొసలు గుచ్చుకోకుండా లోపలికి మడిచి మరీ బిగించాడు.

దిగి, పడవ అంచు పట్టుకునే చెప్పింది.

"ఆ టిక్కు చాలదు సార్. అతనికి పచ్చే కనబడింది. దీపాలు అటూ ఇటూ మారిపోయాయి." వదిన వైపు తిరగలేకపోయింది. "ఎడమ చేతికి అని నేనే చెప్పాను."

ఆఫీసరు పడవ చుట్టూ ఒకసారి తిరిగి, కడియం దగ్గర ఆగిపోయాడు.

వదిన దగ్గరికి వచ్చింది. తిట్టలేదు.

"బిగించిన రోజు నన్ను ఆ బల్ల మీద కూర్చోబెట్టాడు," అంది. "ఎడమకి ఎరుపేనా, కుడికి పచ్చేనా, సరిగ్గా చూడవే, చెల్లి మాట పొల్లు పోకూడదు అన్నాడు. చూశాను. సరిగ్గానే ఉన్నాయన్నాను."

పెరట్లో మొదట ఏడ్చింది సరంగే.