జాబితాలో ఏడో వస్తువు

రెండు కాగితాలనూ వంటగది బల్ల మీద పక్కపక్కన పెట్టి, టీచరు ఎర్ర పెన్ను మూత తీసింది. ఇరవై ఆరేళ్ళ అలవాటు. రెండు జవాబు పత్రాల్లో సరైన జవాబులు కలిస్తే ఆమె పట్టించుకోదు. తెలివైన పిల్లలు ఇద్దరుండొచ్చు. తప్పులు కలిస్తే మాత్రం వదిలిపెట్టదు.

మొదటి కాగితం తమ్ముడు రాసిచ్చింది. ఇంట్లో అందరూ వాణ్ణి 'ఇంజనీరు' అంటారు. చదివింది కామర్సు, చేసేది బట్టల గోదాములో ఉద్యోగం. అయినా ఎవరింట్లో టీవీ పలకకపోయినా, ఫోను మొండికేసినా వాడు ప్రత్యక్షం. తనకు తెలియని విషయం ఉందని వాడు ఒప్పుకోగా విన్నవాళ్ళు లేరు. "ఆ మలుపులో షాపుకే వెళ్ళక్కా, ఇంకెక్కడా అడక్కు" అని మరీ చెప్పి ఇచ్చాడు.

రెండో కాగితం ఆ మలుపులో షాపాయన ఇచ్చింది. అక్కడికి ఆమె ఒంటరిగా వెళ్ళింది. తమ్ముడి కాగితం సంచిలోంచి తీయలేదు. "వీడియో ఎడిటింగుకు కంప్యూటరు కావాలి, ఏమేం ఉండాలో రాసివ్వండి" అని మాత్రం అంది. ఇంటికొచ్చి బిగించాలి కాబట్టి అడ్రసు అడిగాడు. చెప్పింది. అతను ఒక్క క్షణం ఆమెకేసి చూసి, లోపలి గదిలోకి వెళ్ళి, పావుగంటకు కాగితంతో వచ్చాడు.

ప్రాసెసరు అదే. ర్యామ్ అంతే. గ్రాఫిక్స్ కార్డు అదే. రంగులు ఉన్నవి ఉన్నట్టు చూపించే మానిటరు, అదీ అదే. ఇవి కలవడంలో వింతేమీ లేదు. ఏడో వస్తువు దగ్గర పెన్ను ఆగింది. 'లోపల స్పాంజి పొర అతికించిన క్యాబినెట్టు, నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాన్లు మూడు.' రెండు కాగితాల్లోనూ, సరిగ్గా ఏడో వరుసలో.

అంతకు ముందురోజే వేరే షాపులో తమ్ముడి కాగితం చూపిస్తే అక్కడివాడు నవ్వాడు. "ఈ స్పాంజి డబ్బా ఎవరు రాశారు మేడం? ఎడిటింగు చేసేవాళ్ళు ఎవరూ అడగరిది. వేడి బయటికి పోవాలి గానీ కంప్యూటరుకి దుప్పటి కప్పుతారా? ఎవరి దగ్గరో అమ్ముడుపోని సరుకుంది, అది మీకు అంటగడుతున్నారు."

రెండు చోట్లా ఏడో వస్తువు చుట్టూ ఎర్రగా గీత గీసింది.

మామూలు కంప్యూటరైతే ఇంత ఆరా తీసేది కాదు. భర్త పోయి అయిదు నెలలు. పడవలు చేసే ఒక ముసలి వడ్రంగి మీద ఆయన తీస్తున్న సినిమా చివరి పదకొండు నిమిషాల దగ్గర ఆగిపోయింది. ఆ పదకొండు నిమిషాలూ ముక్కలు ముక్కలుగా ఒక నల్లటి హార్డ్ డిస్కులో ఉన్నాయి. ఆయన పాత కంప్యూటరు ఆయన వెనకే పాడైంది. ఉన్నన్నాళ్ళూ అది పిండిమిల్లులా హోరుమనేది. పక్కనే పేపర్లు దిద్దుకునే ఆమె స్కేలుతో బల్ల మీద కొట్టి, "దాన్ని ఆపుతారా, నన్ను వీధిలో కూర్చోమంటారా?" అనేది. ఇప్పుడు ఎడిటింగు తనే నేర్చుకుంది. బడి కంప్యూటరులో ఆ సినిమా తెరవబోతే తెర నల్లబడి అలాగే ఉండిపోయింది.

వడ్రంగి నెలకోసారి ఫోను చేస్తాడు. "టీచరమ్మా, సారు తీసిన బొమ్మ ఎప్పుడు చూపిస్తావు? నా కళ్ళు మసకేస్తున్నాయి. ఇంకో ఏడాదైతే వినడమే తప్ప చూడ్డం ఉండదు."

అందుకే ఆ తర్వాత డిస్కు ఆమె సంచి దాటి బయటికి రాలేదు. "ఇటివ్వక్కా, నేను చూస్తా" అని తమ్ముడు మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ మాట మార్చింది. తప్పుడు సరుకులో పెట్టి డిస్కు పాడైతే, ఆ పదకొండు నిమిషాలు మళ్ళీ తీసిపెట్టే మనిషి లేడు.

శనివారం మధ్యాహ్నం తమ్ముణ్ణి షాపుకి రమ్మంది. తను కావాలనే పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళింది. అద్దాల తలుపులోంచి చూస్తే తమ్ముడూ, షాపాయనా కౌంటరు మీదికి వంగి గుసగుసలాడుకుంటున్నారు. తమ్ముడు చేతులు జోడించి ఏదో బతిమాలుతున్నాడు. ఆమె తలుపు తోయగానే ఇద్దరూ నిటారుగా అయ్యారు.

"ఏంటి, నేను రాగానే ఇద్దరికీ నోళ్ళు పడిపోయాయి?"

"ఏం లేదక్కా. ఎండల గురించి."

"ఎండల గురించి గుసగుసలెందుకురా? సూర్యుడు వింటాడనా?"

కాగితాలు రెండూ కౌంటరు మీద పరిచింది. ఎర్ర గీతలు ట్యూబులైటు కింద మరీ ఎర్రగా కనబడ్డాయి.

"ఏది చూసి ఏది రాశారు?"

"నాలుగు విషయాలు తెలిసినవాళ్ళు ఒకేలా ఆలోచిస్తారక్కా..."

"సరే, ఆలోచించే రాశావు కదా. ఏడోది ఎందుకో చెప్పు."

తమ్ముడు కాగితం వైపు చూశాడు. "అది... వేడికి."

"వేడికి స్పాంజా?"

"అంటే... చలికాలంలో."

షాపాయన దగ్గాడు. టీచరు తమ్ముడి ముఖం మీదనుంచి చూపు తిప్పలేదు.

"కమీషనెంతరా?"

వాడు పెదవి బిగించాడు. చిన్నప్పుడు వాడు చేయని తప్పుకు దెబ్బలు తిన్నరోజు ఇలాగే పెదవి బిగించడం ఆమెకు గుర్తొచ్చింది. గుర్తొచ్చినా మాట వెనక్కి తీసుకోలేదు. వాడు చొక్కా జేబులోంచి నాలుగు మడతల నీలం కాగితం తీసి ఎర్ర గీతల మధ్య పెట్టాడు. పైన షాపు ముద్ర. కింద ఎడమకు ఒరిగిన అక్షరాలు.

ఆమె దాన్ని ముట్టుకోలేదు. వంగి చూసింది. ఏడు అంకెకు నడుమ అడ్డగీత ఉంది. ఆయన ఒక్కరే ఏడును అలా రాస్తారు.

"సారు పోయినేడు వచ్చారమ్మా," అన్నాడు షాపాయన మెల్లగా. "ఇక్కడే కూర్చుని రాశారు. నేనొకటి రాసిపెట్టుకున్నాను, ఇది ఆయన పట్టుకెళ్ళారు. మళ్ళీ వస్తానన్నారు. మొన్న మీరు అడ్రసు చెప్పగానే తెలిసింది. సారు మాట మీరే ఎత్తలేదు, నేనెలా ఎత్తను? నా దగ్గరున్నది చూసి రాసిచ్చాను."

"బావ సొరుగులో దొరికింది," అన్నాడు తమ్ముడు. "నాకు కంప్యూటర్లు రావక్కా. ఆపడం, మళ్ళీ ఆన్ చేయడం, అంతే వచ్చు. అందరివీ దాంతోనే బాగైపోయాయి, నేనేం చేయను? నువ్వడిగితే రాదని చెప్పలేకపోయా. ఇందాక ఈ నీలం కాగితం చూపించగానే, నీకు రాసిచ్చింది దీన్ని చూసేనని ఈయన పట్టేశాడు. చెప్పొద్దని బతిమాలుతున్నా."

రెండు పేపర్లలో ఒకే తప్పుంటే ఒకరిది ఒకరు చూశారనైనా అర్థం, ఇద్దరూ మూడో కాగితం చూశారనైనా అర్థం. తరగతిలో అయితే ఆమె ముందు బల్ల కింద వెతికేది. ఇక్కడ ఆ మూడో కాగితం ఊహకే రాలేదు.

ఏడో వస్తువు పక్కన చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది. 'పక్కనే పేపర్లు దిద్దుతుంది. చప్పుడు రాకూడదు.'

ఆమె అది రెండుసార్లు చదివింది. పెన్ను మూత పెట్టింది. మళ్ళీ తీసింది.

"మిగతావన్నీ అలాగే ఉంచండి. ఏడోది కొట్టేయండి. మామూలు డబ్బా పెట్టండి."

"సారు అది మరీ మరీ చెప్పారమ్మా. చప్పుడు..."

"పేపర్లు దిద్దే మనిషే ఇప్పుడు దాని ముందు కూర్చుంటుంది. డబ్బాల సీళ్ళు ఇక్కడే నా ఎదురుగా విప్పి బిగించండి. ఒక్కటి తెరిచి ఉన్నా తీసుకోను."

షాపాయన ఒక్కొక్క డబ్బా ఆమె ముందు పెట్టాడు. ఆమె ప్రతి సీలూ వేలితో తడిమి చూసి తలూపింది. బిగించడం అయ్యేదాకా కుర్చీలోంచి లేవలేదు. తెర వెలిగాక సంచి తెరిచి, నల్లటి డిస్కు తీసి, తమ్ముడి వైపు చాపింది.

వాడు వెంటనే అందుకోలేదు. "నేనా?"

"ఇదైనా వచ్చా?"

"వచ్చక్కా." రెండు చేతులతో పట్టుకుని కంప్యూటరు ముందు నిలబడ్డాడు. కాసేపటికి వెనక్కి తిరిగాడు. "ఏ పక్క గుచ్చాలి?"

షాపాయన వేలితో చూపించాడు.

ఫ్యాను హోరందుకుంది. తెర ఈసారి నల్లబడలేదు. ఇసుకలో సగం కట్టిన పడవ, దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చున్న ముసలి వడ్రంగి. ఆయన సుత్తి ఎత్తి, కెమెరా వెనకున్న మనిషితో ఏదో అని నవ్వాడు. వెనకనుంచి ఇంకో నవ్వు కలిసింది.

"చప్పుడు కాస్త ఎక్కువగానే ఉందక్కా," అన్నాడు తమ్ముడు.

"ఉండనీ," అంది టీచరు.