రష్యా గోనెలు

దాలమ్మ అమెరికా గోనెలు కుట్టదు. విజయనగరం దగ్గరి జూటు మిల్లులో ఆ సంగతి అందరికీ తెలుసు.

అరవై అయిదు యుద్ధంలో ఆమె పెద్దకొడుకు సోములు పంజాబులో పాకిస్తాను ట్యాంకు దెబ్బకు పోయాడు. ఆ ట్యాంకు చేసింది అమెరికా. మనతో నేస్తమంటూనే అవతలివాడి చేతికీ ఆయుధం ఇచ్చింది. కబురు వచ్చిన నెలలోనే, దబ్బనం పట్టుకు కూర్చున్న దాలమ్మకు అమెరికా పోయే కట్టల మీద సోములు కనిపించాడు. ఒళ్ళంతా దుమ్ము. పెదవి విప్పడు, రెప్ప వేయడు. కన్నకొడుకే అయినా హడలిపోయింది. దబ్బనం అక్కడే పారేసి రష్యా గోనెల వైపు వెళ్ళిపోయింది. అక్కడికి వాడు రాలేదు.

రష్యా మీద గురి కుదరడానికి ఇంకో కారణం ఉంది. చిన్నకొడుకు అప్పలసూరి కూడా సిపాయే. "మనం గోనెలూ జీడిపప్పూ పంపితే, ఆడు మనకి ట్యాంకులు పంపుతాడే అమ్మా. రష్యావోడు మనోడు," అని వాడే చెప్పాడు. ఇంకేం, ప్రతి గోనెకీ చివరి కుట్టు దగ్గర ముడి వేస్తూ "పైడితల్లమ్మా, నా సూరిగాణ్ణి కాయి" అని మొక్కుకునేది. తోటి ఆడవాళ్ళు నవ్వేవారు. నవ్విన నాపచేనే పండుతుందిలే అనుకునేది దాలమ్మ.

అరవై ఎనిమిది వానాకాలంలో అప్పలసూరి సెలవు మీద వచ్చాడు. మర్నాడు పంజాబు రైలెక్కాలి. తల్లీ కొడుకూ టీకొట్టు దగ్గర నిలబడి ఉండగా రేడియోలో వార్తలు మొదలయ్యాయి. అప్పలసూరి గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఏటిరా? ఏటంతన్నాడు రేడియోవోడు?"

"రష్యావోడు పాకిస్తానుకీ ఆయుధాలమ్ముతాడట."

"మనోడన్నావు కదరా!"

"మనోడేనే అమ్మా. నేస్తం నేస్తమే, బేరం బేరమే." వాడు తల్లి మొహం చూడలేదు.

"సోములుగాడప్పుడు అమెరికావోణ్ణీ అలగే అన్నార్రా," అంది దాలమ్మ. ఆ తర్వాత ఇద్దరికీ టీ సయించలేదు.

మర్నాడు కొడుకును రైలెక్కించి తిన్నగా మిల్లుకు వచ్చింది. రష్యా కట్టల మీద సోములు కూర్చుని ఉన్నాడు. అదే దుమ్ము, అదే చూపు. దాలమ్మకు పారిపోదామంటే ఇక మూడో వైపు లేదు. పని మానేస్తే పొయ్యి వెలగదు. తల వంచుకుని దబ్బనం అందుకుంది.

మేస్త్రీ గంగులు ఆమె కుట్టిన గోనె ఒకటి తిప్పి చూశాడు.

"దాలప్పా, సివర్న ముడెయ్యడం మర్సిపోనావు."

"మర్సిపోలేదురా. ఆ ముడి ఏ తల్లి బిడ్డని కాస్తాదో, ఏ తల్లి బిడ్డని తీస్తాదో నాకు తెలీడం నేదు."

గంగులు గోనె కింద పెట్టి వెళ్ళిపోయాడు. దాలమ్మ మెల్లగా తలెత్తింది. కట్ట మీద సోములు కొంచెం పక్కకు జరిగాడు, ఇంకొకరికి చోటు ఇస్తున్నట్టు.