వెనక తలుపు మీది ఎడమ చేయి

రోజూ పొద్దున్నే ఎస్తేరమ్మ వనపర్తిలోని బాలన్న లారీ షెడ్డు ఊడ్చి, నీళ్ళు చల్లి, మూలనున్న పాత లారీ వెనక చెక్క తలుపు దగ్గర ఆగేది. ఆ తలుపు నిండా సున్నపు చేతి ముద్రలు. వాటిలో ఒక ఎడమ చేయి ఆమె తమ్ముడు ఆశీర్వాదానిది. దాని మీద తన చేయి పెట్టి చూసుకునేది.

"ఈ మధ్య తమ్ముని చేయి మొరటుబారింది బాలన్నా. ఏం పని చేస్తుండో."

"స్టీరింగు పట్టే చేయి గట్లనే ఉంటది" అన్నాడు బాలన్న.

ఒకప్పుడు ఆ లారీ గోపాల్‌పేట కూలీలను కర్ణాటకకు డ్యాం పనులకు మోసింది. ఎక్కేముందు సున్నంలో చేయి ముంచి తలుపుకు అద్దేవారు. తిరిగొచ్చాక ఎవరిది వాళ్ళు తుడుచుకునేవారు. అందరూ కుడి చేయి అద్దితే, ఐదేళ్ళ ఆశీర్వాదం కుడి చేతిలో రొట్టె ఉందని ఎడమది అద్దాడు. రాయచూరు దాటాక బువ్వకు ఆగినచోట చెట్టు నీడన నిద్రపోయాడు. లారీ చాలా దూరం పోయాక గాని వాడు లేడని తెలియలేదు. పని ఆగుతుందని మేస్త్రీ బండి వెనక్కి తిప్పనివ్వలేదు. దేశాభివృద్ధి ఒక పిల్లవాడి కోసం ఆగదు కదా. రానివాళ్ళ చేతులు మాత్రం తలుపు మీదే, వాళ్ళతోపాటే పెరుగుతూ వచ్చాయి.

2006లో రోడ్డు రవాణా చరిత్ర పేరిట కాలేజీ మైదానంలో పాత బండ్ల ప్రదర్శన పెట్టారు. దొరల కార్లు, చెక్క బస్సులు పూలదండలు వేసుకుని నిలబడ్డాయి. చక్రమే నాగరికత అని బ్యానరు కట్టారు. ఆ చక్రాల కింద రోడ్డు పరిచినవాళ్ళకు పిలుపు లేదు. కూలీల లారీ కూడా కావాలన్నారు గాని, కొత్త రంగుతో. బాలన్న అంతా పచ్చరంగు వేసి, వెనక తలుపు వదిలేసి, లారీని మైదానానికి తోలుకొచ్చాడు.

అధికారి చూసి, చేతులు పెరుగుతున్నాయని బాలన్న చెబితే గరమయ్యాడు. "చేతులు పెరిగితే పెరగనియ్యవయ్యా. రంగు కింద పెరుగుతయి."

వెంట వచ్చిన ఎస్తేరమ్మ తలుపుకు అడ్డం నిలబడింది. "రంగేస్తే మా తమ్మునికి తొవ్వ కానరాదు సార్."

"ఇన్నేండ్ల సంది కానొచ్చిందా మరి? పెద్దసార్లు మధ్యాహ్నం వస్తరు. అంతలో రంగు పడాలె." అప్పటిదాకా తలుపును గోడవైపు తిప్పి పెట్టమని చెప్పి పోయాడు.

బాలన్న లారీ తిప్పి, రంగు డబ్బా తెచ్చాడు. మూత తీయడానికి స్క్రూడ్రైవరు కోసం చాలాసేపు వెతికాడు. అది చేతిలోనే ఉంది.

ఇంతలో గోడకూ లారీకీ నడుమ నీడలోకి ఒక డ్రైవరు వచ్చాడు. రాయచూరు సావుకారి పాత కారును ప్రదర్శనకు తోలుకొచ్చినవాడు. కుడి చేతిలో మిర్చి బజ్జి.

"ఇల్లి జర నీడ ఉంది. నిలబడొచ్చా అక్కా?" అని కన్నడం కలిసిన మాటతో అడిగి, ఎడమ చేయి తలుపుకు ఆనించి తిన్నాడు. తిన్నాక చేయి తీశాడు. అరచేతికి తడి సున్నం. తలుపు మీద ఎడమ చేతి ముద్ర ఉన్నచోట వట్టి చెక్క.

"ఏంది, సున్నం ఇంక ఆరలేదా?"

"ఆరలే తమ్మీ." ఎస్తేరమ్మ కొంగు తడిపి అతని చేయి వేలు వేలునా తుడిచింది. "రొట్టె తినుడు అయిందారా?"

అతను తన ఖాళీ కుడి చేతి వంక చూసుకున్నాడు.

"సగం నువ్వే తిన్నవ్ అక్కా" అన్నాడు.

ఎస్తేరమ్మ అతని చేయి వదలకుండానే పిలిచింది. "బాలన్నా, ఇగ రంగెయ్యి."

బాలన్న ఒక చేయంత మేర పచ్చరంగు వేసి, కుంచె కడిగేశాడు. మిగిలిన చేతుల జోలికి పోలేదు. పెద్దసార్ల జీపులు గేటులోకి వస్తుంటే లారీ ఎక్కి, వెనక తలుపు జనం వైపు ఉండేలా తిప్పి నిలబెట్టాడు.