రెండో ముద్ద

దుర్గాభవానికి వలంటీర్లంటే ఒళ్లుమంట. సాలూరులో లారీ డ్రైవర్ల పిల్లల కోసం నడిచే హాస్టల్లో వంటా పెంపకమూ ఆవిడవే. వచ్చినవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని ఫొటోలు దిగుతారు, పోతారు. ఏడ్పులు ఈవిడ నెత్తిన పడతాయి. కిందటేడు ఒకావిడ, తల్లిలేని యమున చేత అమ్మా అని పిలిపించుకుంది. ఆవిడ వెళ్లిపోయాక యమున గేటు వదల్లేదు, ఎవరు పెట్టినా తినలేదు. చివరికి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది.

ఈసారి దక్షిణాఫ్రికా నుంచి తాండేకా వచ్చింది. కాలేజీలో చేరేముందు ఒక ఏడాది పిల్లల మధ్య పనిచేస్తుందట. సరే, చెయ్యనీ. కానీ యమున తన ఒళ్లోకి ఎక్కబోతే చాలు, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దుర్గాభవాని ఒళ్లో కూర్చోబెట్టేది. జడ వెయ్యమంటే దువ్వెన ఈవిడకి అందించేది. పాటలు కూడా పిల్లలకి నేర్పకుండా వంటింట్లో ఈవిడకి నేర్పి, ఈవిడ చేతే పాడించేది. పోపు మాడిపోతుంటే పాటలేమిటో. సాయంత్రం బేసిన్లో పప్పన్నం కలిపి, చుట్టూ కూర్చున్న పిల్లల అరచేతుల్లో ముద్దలు పెడుతుంటే, సాయం పట్టాల్సిన మనిషి యమున పక్కనే మఠం వేసుకుని తనూ చెయ్యి చాచేది.

ఒకరోజు దుర్గాభవానికి ఓపిక చచ్చిపోయింది.

"ఏటే అమ్మా, పిల్ల నీకాడికొస్తే నా మీదకి తోసెత్తావు? ముట్టుకుంటే అరిగిపోతావేటి?"

తాండేకా నొచ్చుకోలేదు. తెలుగు ఈ వంటింట్లోనే నేర్చుకుంది కాబట్టి సాలూరు యాసలోనే, ఆగి ఆగి చెప్పింది. వాళ్లది నగరం అంచున రేకుల ఇళ్ల పేట. అక్కడి పిల్లల బడికీ దూరదేశాల నుంచి ఇలాగే వలంటీర్లు వచ్చేవారట. తన చిన్నప్పుడు ఒకామె రోజూ ఎత్తుకు తిప్పి, ఒకనాడు చెప్పకుండా వెళ్లిపోయిందట. అప్పట్నుంచి ఆ బడి ఆయా ఎంత ముద్దు చేసినా తాండేకా ఆమె దగ్గరికి పోలేదట.

"ఆ ఆయా మంచిది పిన్నీ. నాకు అప్పుడు తెల్లేదు. నానెల్లిపోతాను, నువ్వుంటావు. యమునకి నువ్వు కావాల."

పద్దెనిమిదేళ్ల పిల్ల, దేశం కాని దేశం వచ్చి, పిల్లల ప్రేమంతా తను మూటగట్టుకోకుండా ఈవిడ చేతిలో పెడుతోంది. ఇన్నాళ్లూ తిట్టుకున్నందుకు దుర్గాభవానికి సిగ్గేసింది. ఆ రోజు నుంచి పాటలు గొంతెత్తి పాడింది.

వెళ్లే రోజు దగ్గరపడుతుంటే తాండేకా యమునకి ముందే చెప్పింది, మళ్లీ వస్తానని మాత్రం అనలేదు. వెళ్లేనాటి మధ్యాహ్నం పిల్లలందరి ముందే ఆటో ఎక్కింది. యమున చెయ్యి ఊపి, గేటు దగ్గరే నిలబడిపోయింది. దుర్గాభవానికి కిందటేడు గుర్తొచ్చింది. పిలవడానికి భయమేసి, పిలవలేదు.

సాయంత్రం ఎప్పట్లాగే అన్నం కలిపింది. పిల్లలు చుట్టూ కూర్చున్నారు. కాసేపటికి యమున తనంతట తనే వచ్చి, ఖాళీగా ఉన్న తాండేకా చోటు పక్కన కూర్చుని చెయ్యి చాచింది. ముద్ద తినేసి మళ్లీ చాచింది.

"అక్క ముద్ద కూడా నాకే ఎట్టు పిన్నీ."

దుర్గాభవాని కళ్లు భుజానికి తుడుచుకుని, ఆ ముద్ద కాస్త పెద్దదే చేసింది.