మూడో గేరు బ్యాండు

పెళ్లిళ్ల రోజుల్లో ప్రవీణ్‌కుమార్ ఆర్కెస్ట్రాకు దంతెవాడలో ఊపిరాడేది కాదు. కోసే అనే అమ్మాయి అందులో హిందీ సినిమా పాటలు పాడేది. సీతయ్య గిటారు, సోమారు డ్రమ్ములు. పెళ్లి లేని రోజు దొరికితే చాలు, ముగ్గురూ జీపెక్కి ఆవపల్లి వచ్చి, మూతపడ్డ వడ్లమిల్లు షెడ్డులో తమకు నచ్చింది వాయించుకునేవారు. ఆ జీపు మూడో గేరు దాటి ఎరగదు. సోమారు తమ బ్యాండుకు ఆ పేరే పెట్టాడు.

ఒకరోజు కోసే హిందీ పక్కన పెట్టి తమ ఇంటి భాష దోర్లీలో పాడింది. చింతపండు కొడుతూ వాళ్లమ్మ మొగుణ్ని తిట్టుకునే మాటలవి. సీతయ్య గిటారు తీగలు అరిచినట్టు మోగాయి, సోమారు దెబ్బలకు రేకులు దడదడలాడాయి.

"ఇది పాటేనా సీతయ్యన్నా?"

"పాటో ఏందో నాకు తెల్వది. మళ్లొకసారి పాడు."

ఏడాది తిరిగేసరికి అయిదు పాటలయ్యాయి. బాసగూడ సంతలో ట్రాక్టర్ తొట్టి మీద నిలబడి పాడారు. మొదట జనం నవ్వారు. తర్వాత ఒక ముసలామె దగ్గరికొచ్చి స్పీకరు మీద చెయ్యి పెట్టి, "మన మాటలు దీంట్లోంచి గూడ వస్తయా?" అంది. ఆ మాటకు కోసే రెండో పాట సగంలోనే ఆపేసింది.

ఆ ఎండాకాలమే సోమారుకు పోలీసు ఉద్యోగం వచ్చింది. ఇంట్లో ఎనిమిది మంది, వానొస్తేనే పండే పొలం. వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు. యూనిఫాం వేసుకున్నాక నక్సలైట్ల భయంతో అతనికి సొంతూరి దారి మూసుకుపోయింది. ఒకసారి ఫోన్ చేశాడు.

"నేనటు రాను కోసే. నా పక్కన నిలబడ్డట్టు ఎవరన్నా చూస్తే నీకే ముప్పు."

"మరి డ్రమ్ములు?"

సోమారు ఫోన్ పెట్టేశాడు.

డ్రమ్ములు లేకుండా ఇద్దరూ నాలుగుసార్లు ప్రయత్నించారు. పాట నిలబడలేదు. ఈలోగా పెళ్లిళ్లన్నీ డీజే డబ్బాల పాలయ్యాయి, ప్రవీణ్‌కుమార్ ఆర్కెస్ట్రా ఎత్తేశాడు. సీతయ్య రాష్ట్రం సరిహద్దు దాటి మిర్చి కోతకు పోయాడు. "వేళ్లు మండుతున్నయ్, తీగ ముట్టలేను" అని ఫోన్‌లో అన్నాడు, అంతే. కోసే బడిలో అన్నం వండే పనికి కుదిరింది. పిల్లలు పాడమంటే హిందీ పాటలే పాడేది.

మొన్న చైత్రంలో బడి బియ్యం కాగితాల పని మీద దంతెవాడ వెళ్లింది. బస్టాండులో తుపాకీ పట్టుకుని సోమారు నిలబడి ఉన్నాడు. ఒళ్లు చేశాడు. చూపులు కలిశాయి. ఆమె ఒక అడుగు వేసింది. చుట్టూ తన వైపు ఊళ్లవాళ్లు బస్సు కోసం చూస్తున్నారు. సోమారు ముఖం పక్కకు తిప్పుకున్నాడు, ఎరగనివాడిలా.

తన మంచికేనని కోసేకు తెలుసు. తెలిసినా ఏడుపు ఆగలేదు. బస్సు వచ్చింది. ఎక్కి, అతను కనబడని వైపు కిటికీ దగ్గర కూర్చుంది.